ఛాయాచిత్రశాలకు పేరు

ఛాయాచిత్రశాలను నెలకొల్పువాఁడు దానికిఁ దన పేరే పెట్టుట మంచిదా? 1863లో ఇంగ్లండునుండి వచ్చిన సామ్యూల్ బోర్న్ సిమ్లాలో భాగస్వామితోఁ గూడి ‘బోర్న్ అండ్ షెపర్డ్’ అను సంస్థను నడపెను. 1871 నాటికే ఆయన స్వదేశమునకు మరలినను, ఆ పేరు కలకత్తాలో 2016 వఱకు నిలిచెను.

సికింద్రాబాదున లాలా దీనదయాళు తన పేరునకు ‘అండ్ సన్స్’ అని చేర్చెను. ఆఱవ నిజాము ‘రాజా’ బిరుద మొసంగఁగా, అదియు సంస్థనామమున కెక్కెను. 1905లో ఆయన గతించెను. పలకపైఁ గుమారులను జేర్చిన తండ్రి వారిని ఆ పేరునకు ఋణస్థులను గావించెను. కావున స్వనామమును పెట్టువాఁడు, అది వెనుకవారు మోయవలసిన బరువని యెఱిఁగి పెట్టవలెను.