రాకాసి గుళ్ళు, ప్రాచీన డీఎన్‌ఏ: సిద్దిపేట సమాధుల నేపథ్యంలో ఒక పరిశీలన

తెలంగాణ పల్లెల్లో ఇనుపయుగపు బృహత్ శిలా సమాధులను జనం ‘రాకాసి గుళ్ళు’ అనీ, ‘పాండవ గుళ్ళు’ అనీ పిలుస్తారు. ఆ బండలను ఎత్తినవారు రాక్షసులో, పురాణ పురుషులో అయి ఉంటారన్న భావన ఈ పేర్లలో ఉంది. అంటే, సమాధుల్లోని వారు మన పూర్వులు కారని జనవ్యవహారం ముందే తీర్పు చెప్పింది. ఆ తీర్పును పరీక్షించే సాధనం ప్రాచీన డీఎన్‌ఏ.

మద్దూరు మండలం ఉన్న సిద్దిపేట జిల్లాలోనే నర్మెట, పుల్లూరు గ్రామాల్లో 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. నర్మెట సమాధిపై కప్పిన బండ 40 టన్నులకు పైగా బరువుంటుందని అంచనా. అక్కడి ఎముకల నమూనాలను హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పరీక్షల కోసం సేకరించారు.

ఈ నమూనాల విలువ వాటి కాలంలో ఉంది. నేటి భారతీయుల్లో అత్యధికులు రెండు ప్రాచీన జనసమూహాల సమ్మేళనమని 2009లో సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు విస్తృతంగా సాగిందని, తరువాత స్వకుల వివాహాల వల్ల సన్నగిల్లిందని 2013 నాటి పరిశోధన తేల్చింది. దక్కను ఇనుపయుగం చాలావరకు ఈ వ్యవధిలోనిదే. కనుక అక్కడి ఎముక కులాల గోడలు గట్టిపడకముందటి సాక్షి కాగలదు.

అయితే ఆ సాక్ష్యాన్ని రాబట్టడం సులభం కాదు. వేడి, తేమ డీఎన్‌ఏను ఛిన్నాభిన్నం చేస్తాయి. లోపలి చెవిని కప్పి ఉండే గట్టి ఎముకలోనే అది కొంత నిలుస్తుంది. హర్యానాలోని రాఖీగఢీలో 60కి పైగా నమూనాలను పరీక్షిస్తే, 2019లో ఒక్క స్త్రీ జన్యుక్రమం మాత్రమే వెలువడింది. అదీ ఆమె వంశమూలాలను తెలిపిందే కాని, ఆమె మాట్లాడిన భాషను తెలుపలేదు.

సాహిత్య చరిత్రకారులకు ఈ హెచ్చరిక ముఖ్యం. తెలుగు శాసనాలు క్రీ.శ. 6వ శతాబ్దంలో గాని కనిపించవు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందటి ఎముకను ‘తొలి తెలుగువాడు’ అనడం శాస్త్రం కాదు. ఎముక రక్తసంబంధాన్ని చెప్పగలదు; ఆ సంబంధం ఎప్పుడు మరుపున పడిందో అడగవలసింది ‘రాకాసి గుడి’ అన్న మాటనే. అందువల్ల తవ్వకపు నివేదికల్లో ఎముకలతో పాటు స్థలనామాలను, వాటి వెంట ఉన్న కథలను కూడా నమోదు చేయాలి.