తూటా గుల్ల ఆయుష్షు

రైఫిల్ తూటాలో గుండు, మందు, దాన్ని రగిలించే ప్రైమర్, వీటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి గుల్ల ఉంటాయి. పేల్చాక మొదటి మూడూ ఖర్చయిపోతాయి, గుల్ల మిగులుతుంది. దాన్ని కడిగి, కొలతకు తెచ్చి, మళ్ళీ నింపుకోవడాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. తూటాలో అన్నిటికంటే ఖరీదైన భాగం గుల్లే కాబట్టి దాన్ని వీలైనన్నిసార్లు వాడాలనిపించడం సహజం. ఎక్కడ ఆపాలో తెలుసుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

1857లో స్మిత్ అండ్ వెస్సన్ తెచ్చిన రిమ్‌ఫైర్ తూటాకు ఈ ప్రశ్నే లేదు. పేలుడు పదార్థం అడుగు అంచు మడతలోనే ఉండేది, సుత్తి దెబ్బకు ఆ అంచు నలిగిపోయేది. 1866లో అమెరికాలో హైరమ్ బెర్డాన్, బ్రిటన్‌లో ఎడ్వర్డ్ బాక్సర్ అడుగు మధ్యలో విడి ప్రైమర్ ఉండే పద్ధతులకు పేటెంట్లు పొందారు. బాక్సర్ పద్ధతిలో మధ్యన ఒకే రంధ్రం ఉంటుంది, అందులోంచి సూది దింపితే వాడిన ప్రైమర్ ఊడివస్తుంది. బెర్డాన్ గుల్లకు సాధారణంగా పక్కగా రెండు సన్న రంధ్రాలుంటాయి కనుక ఆ పని కష్టం. విచిత్రంగా అమెరికన్ పద్ధతి యూరప్‌లో, బ్రిటిష్ పద్ధతి అమెరికాలో స్థిరపడ్డాయి. హ్యాండ్‌లోడింగ్ అమెరికాలో అంతగా పాతుకుపోవడానికి ఇదీ ఒక కారణం. 1870లలో అక్కడి మైదానాల్లో బైసన్‌లను వేటాడినవాళ్లు విడిదిలోనే తూటాలు నింపుకునేవారు. 1884లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ కంపెనీ ఈ పనికి చేతి పనిముట్లు అమ్మింది.

అప్పటి నల్ల తుపాకీమందు ఒత్తిడి తక్కువ. గుల్లకు చేటు చేసింది లోపల మిగిలే మసే, వెంటనే నీళ్లతో కడిగితే చాలావరకు సరిపోయేది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే పొగరాని మందు కనిపెట్టడంతో పరిస్థితి మారింది. ఒత్తిడి బాగా పెరిగింది. పైగా ప్రైమర్లలోని పాదరసం, ఇదివరకు మసిలో కలిసిపోయేది, ఇప్పుడు నేరుగా ఇత్తడిలోకి ఇంకి దాన్ని పెళుసుగా మార్చేది. చూడటానికి కొత్తదానిలా ఉన్న గుల్ల మరుసటిసారి చీలిపోయేది. పాదరసం లేని ప్రైమర్లు వచ్చాకే ఆ బెడద తీరింది.

మరో పాఠం భారతదేశం నుంచి అందింది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన తూటాలు, ఒక్కటి కూడా పేల్చకుండానే, వానాకాలంలో పగుళ్లిచ్చేవి. గుల్లను సాగదీసి తయారుచేసేటప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువుకు గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ తోడవడమే కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ తేల్చారు. అమ్మోనియా కలిసిన ద్రావణాలతో గుల్లలు కడగకూడదన్న జాగ్రత్తకు ఆధారం ఇదే.

అన్నిటికంటే ప్రమాదకరమైన లోపం బయటికి సరిగా కనిపించదు. .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఇందుకు మంచి ఉదాహరణ. బురద అంటిన తూటా కూడా దూరేలా దాని ఛాంబర్ కాస్త వదులుగా ఉంటుంది, బోల్టును పట్టే కొక్కేలు వెనకవైపున ఉంటాయి. పేలినప్పుడు గుల్ల పలుచటి ముందుభాగం ఛాంబర్ గోడకు అతుక్కుంటుంది, మందపాటి అడుగు వెనక్కి జరుగుతుంది. ఆ సాగుడంతా అడుగుకు కాస్త పైన పడుతుంది. కొలతకు తెచ్చేటప్పుడు భుజాన్ని, అంటే గుల్ల మెడవైపు సన్నబడే చోటును, మరీ వెనక్కి నొక్కితే మళ్ళీ అక్కడే సాగుతుంది. చివరికి గుల్ల రెండు ముక్కలై ముందు ముక్క ఛాంబర్‌లో ఇరుక్కుంటుంది. వేడి వాయువు కాల్చేవాడి ముఖంవైపు రావచ్చు. దీనికి ముందస్తు గుర్తు అడుగు పైన గుల్ల చుట్టూ కనిపించే సన్నని మెరుపు గీత. కొన వంచిన తీగను లోపలికి దించి గోడ వెంట లాగితే, పలచబడిన చోట కొన చిన్న గాడిలో పడినట్టు చేతికి తెలుస్తుంది. అలా తెలిసిన గుల్లను పారేయాల్సిందే. ఒకటి ఇలా దొరికితే, దానితో సమానంగా వాడిన గుల్లలన్నిటినీ అనుమానించాలి.

మెడ చీలిక అంత ప్రమాదం కాదు కానీ, ఆ గుల్ల పని అయిపోయినట్టే. 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉన్న ఈ ఇత్తడి సాగి ముడుచుకున్నకొద్దీ గట్టిపడుతుంది. బిందె కొట్టే కంచరి మధ్యమధ్య దాన్ని కాల్చి మెత్తబరిచినట్టే, చీలక ముందే మెడను వేడిచేస్తే ఆయుష్షు పెరుగుతుంది. అడుగుకు మాత్రం ఆ వేడి తగలకూడదు, మెత్తబడిన అడుగు ఒత్తిడికి ఆగదు. కొత్త ప్రైమర్ వేలితో నొక్కితేనే దిగిపోయేంత గుంట వదులైతే దానికి మరమ్మతు లేదు, పైగా అది మందు ఎక్కువైందనడానికి సూచన కూడా. పొడవు పెరగడం ఒక్కటే సులువుగా సరిదిద్దగలిగేది. .303కి గరిష్ఠ పొడవు 2.222 అంగుళాలు, దాటితే కత్తిరిస్తారు. అయితే పదేపదే కత్తిరించాల్సి వస్తోందంటే ఆ లోహం ఎక్కడో పలచబడుతూ వస్తోందన్నమాట.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో ఈ అభిరుచి బాగా విస్తరించింది. ఇన్నిసార్లు వాడి పారేయమనే లెక్కలు అప్పటినుంచి ప్రచారంలో ఉన్నా, వాటిని నమ్ముకోలేం. ఛాంబర్, మందు మోతాదు, కొలతకు తెచ్చే తీరును బట్టి ఒకే రకం గుల్ల కొన్నిసార్లకే పోవచ్చు, చాలాసార్లు నిలవవచ్చు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం కాబట్టి ఇక్కడ ఇది ఇంటి అభిరుచిగా ఎదగలేదు. హ్యాండ్‌లోడింగ్ చేసేచోట తీసేసిన గుల్ల మూతిని పట్టకారుతో నలిపేస్తారు. అది మళ్ళీ మంచివాటిలో కలిసిపోకుండా చూసుకుని, ఆ తర్వాతే పాత ఇత్తడి కింద అమ్ముతారు.