బెర్లిన్‌లో గుహ బుద్ధులు

బెర్లిన్ మ్యూజియం ద్వీపానికి ఇది రెండు వందల ఏళ్ల పండుగ. స్ప్రే నది పాయల మధ్య అక్కడి తొలి మ్యూజియానికి 1825లో శంకుస్థాపన జరిగింది. 1830లో తలుపులు తెరిచారు. అందుకే 2025లో మొదలైన ఉత్సవాలు 2030 దాకా సాగుతాయి.

నగర చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1237 నాటి పత్రాల్లో కనిపించే చిన్న ఊరు దాని జంట ఊరితో కలిసి బెర్లిన్ నగరమై ప్రష్యా రాజుల రాజధాని అయింది, 1871లో జర్మన్ సామ్రాజ్యానికీ రాజధాని అయింది. రాజుల సేకరణలు జనం చూడాలని వాస్తుశిల్పి షింకెల్ కట్టిన తొలి భవనం పక్కన ఒక్కొక్కటే లేచి, 1930లో పెర్గమాన్ మ్యూజియంతో అయిదు మ్యూజియాలు పూర్తయ్యాయి. యాత్రికులంతా అక్కడ నెఫెర్తితి బొమ్మ ముందు బారులు తీరుతారు. నన్ను పట్టి నిలిపింది మాత్రం ద్వీపానికి ఎదురుగా, హంబోల్ట్ ఫోరం అనే మ్యూజియం భవనం మూడో అంతస్తులో గోడచిత్రాల్లో ఉన్న బుద్ధులు.

వాళ్లు ఎక్కడివాళ్లు? నేటి చైనా వాయవ్యాన ఉన్న తుర్ఫాన్, కిజిల్ ఎడారి గుహలవాళ్లు. 1902 నుంచి 1914 వరకు బెర్లిన్ నుంచి నాలుగు బృందాలు అక్కడికి వెళ్లాయి. మొదటి, మూడో బృందాలకు ఆల్బర్ట్ గ్రూన్‌వెడెల్, రెండో, నాలుగో బృందాలకు ఆల్బర్ట్ ఫాన్ లె కాక్ నాయకులు. నాలుగింటిలోనూ ఉన్నవాడు థియోడర్ బార్టుస్. ఒకప్పుడు ఓడ నావికుడు, తర్వాత మ్యూజియం పనివాడు. గోడచిత్రం చుట్టూ పదునైన కత్తితో మట్టిపూత లోతుదాకా కోత పెట్టేవాడు. పక్కనే గోడలో గుంట తవ్వి, అందులోంచి రంపం దూర్చి, చిత్రాన్ని వెనక నుంచి కోసేవాడు. దూది, రెల్లుగడ్డి దట్టించిన పెట్టెల్లో పేర్చి దేశాలు దాటించేవారు.

గ్రూన్‌వెడెల్‌కు ఈ కోత నచ్చలేదు. కొలతలు తీసుకుని, నకళ్లు గీసుకుని, చిత్రాలను వాటి గుహల్లోనే ఉండనివ్వాలన్నది ఆయన పట్టు. అక్కడే వదిలేస్తే పాడైపోతాయన్నది లె కాక్ వాదన. లె కాక్ మాటే చెల్లింది. తుర్ఫాన్ దగ్గరి బెజెక్లిక్ గుహల్లోని నిలువెత్తు బుద్ధులు బెర్లిన్ మ్యూజియం చేరారు. మరీ పెద్ద చిత్రాలను కదలకుండా గోడలకు బిగించేశారు.

ఆ బిగింపే వాటి ప్రాణం తీసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడుతున్నప్పుడు చిన్న చిత్రాలను గనుల్లోకీ బంకర్లలోకీ తరలించగలిగారు. పెద్దవి ఊడిరాలేదు. మ్యూజియంతో పాటు అవీ ధ్వంసమయ్యాయి. వాటిలో చాలావాటిని ఇప్పుడు లె కాక్ 1913లో అచ్చువేయించిన పుస్తకంలోనే చూడగలం. వెయ్యేళ్లు ఎడారిలో నిలిచినవి బెర్లిన్‌లో నలభై ఏళ్లు నిలవలేకపోయాయి. గ్రూన్‌వెడెల్ మాట విని ఉండాల్సిందని నా నమ్మకం.

ఎడారి నుంచి వచ్చిన ఆ పెట్టెల్లో మనవీ ఉన్నాయి. తాటిచెట్టు మొలవని ఆ నేలలో దొరికిన తాటాకు ముక్కలను చదివిన సంస్కృత పండితుడు హైన్రిఖ్ ల్యూడర్స్, అవి బుద్ధచరితం రాసిన అశ్వఘోషుడి నాటక భాగాలని 1911లో లోకానికి చాటాడు. మనకు దొరికిన సంస్కృత నాటక ప్రతుల్లో అంత పాతవి లేవు. నాగార్జునకొండ చూసి పెరిగిన మనకు ఆ తాటాకులు బంధువులే.

యుద్ధం తర్వాత కథ చిందరవందర. మిగిలిన చిత్రాలు కొన్ని రష్యాకు వెళ్లాయి, చాలావరకు పశ్చిమ బెర్లిన్‌లోని డాలెమ్ మ్యూజియానికి చేరాయి. ఆ మ్యూజియం 2017లో మూతపడింది. వాటి కొత్త ఇల్లు హంబోల్ట్ ఫోరం ఉన్న చోట మొదట రాజుల కోట ఉండేది. 1950లో తూర్పు జర్మనీ దాన్ని కూల్చి, తర్వాత తన ప్రజాభవనం కట్టుకుంది. దేశం ఒకటయ్యాక అదీ కూలింది, పాత కోట ముఖాలే మళ్లీ లేచాయి. 2022లో దాని ఎదుట సాంచి తూర్పు తోరణం నకలు నిలబెట్టారు. అటు ద్వీపంలో పెర్గమాన్ మ్యూజియాన్ని 2023లో పూర్తిగా మూసేశారు. అక్కడి ప్రాచీన గ్రీకు బలిపీఠం ఉన్న భాగం 2027లో తెరుస్తామంటున్నారు, మిగతాది 2037 దాకా ఆగాలట.

ఇదే నగరంలో ఉత్తరాన, ఫ్రోనావ్‌లో వైద్యుడు పాల్ డాల్కే 1924లో కట్టించిన బౌద్ధ మందిరం ఉంది. 73 మెట్లెక్కి వెళ్లాలి. అది ఎవరి గోడ నుంచీ కోసి తెచ్చింది కాదు.

చదువుకో ఉద్యోగానికో బెర్లిన్‌లో ఉన్న మన పిల్లలూ, చూడటానికి వెళ్లే పెద్దలూ నెఫెర్తితిని చూశాక ఒక పూట ఆ మూడో అంతస్తుకు కేటాయించండి. కిజిల్ నుంచి తెచ్చిన గుహ గోపురం కింద తలెత్తి నిలబడి చూడండి. హంబోల్ట్ ఫోరానికి మంగళవారం సెలవు.