లక్ష్మమ్మ మొగం ఎవరు చూసినారు?

కోలారు జిల్లాలోని మా పాత ఇంట్లో దేవుని గూటికి అటూ ఇటూ రెండు పటాలుండేవి. ఒకటి మైసూరు పద్ధతిలో చేత్తో రాసిన శ్రీరామ పట్టాభిషేకం. నగలన్నీ సుద్దతో ఉబ్బెత్తుగా దిద్ది, పైన బంగారు రేకు అతికించినది. అందులో రాముడు పెద్దవాడు, లక్ష్మణుడు అంతకంటె చిన్న, పాదాల దగ్గర హనుమంతుడు మరీ చిన్న. రెండోది రవివర్మ అచ్చు లక్ష్మి. తామరపువ్వు మీద నిలబడ్డ నాలుగు చేతుల తల్లి, పక్కన ఏనుగు, వెనక నీళ్లు.

1991లో నేను బీకాం ముగించి బ్యాంకు పరీక్షలు రాస్తున్న రోజుల్లో ఇంటికి సున్నం కొట్టించాం. గోడల మీదివి దించి ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చే పెత్తనం చదువుకున్నవాడినని నాకిచ్చారు. పట్టాభిషేకాన్ని పాత సామాన్లవాడికి ఎనభై రూపాయలకు ఇచ్చేశాను. ఎందుకురా అని అడిగితే, "లక్ష్మి అచ్చం మనిషిలా ఉంది, అది వట్టి బొమ్మ" అన్నాను. అవ్వ ఒక్క మాటే అడిగింది. "లక్ష్మమ్మ మొగం నువ్వు చూసొచ్చినావా?"

నేను నవ్వాను. ఆ ప్రశ్నలో ఎంత చరిత్ర ఉందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

రవివర్మ 1848లో కిళిమానూరులో పుట్టాడు. 1868లో తిరువాన్కూరు ఆస్థానానికి థియొడోర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు వచ్చినప్పుడు, ఆయన పని చేస్తుంటే పక్కన నిలబడి చూసి తైలవర్ణాల మర్మం పట్టాడని చెబుతారు. వెలుగు ఒక పక్కనుంచి పడాలి, రెండో పక్క నీడ ఉండాలి, దూరంలో ఉన్నది చిన్నదిగా కనబడాలి. ఇవన్నీ మన కళ్లు పుట్టుకతోనే ఎరిగిన సంగతులని నేననుకునేవాణ్ణి. నిజానికి అవి ఐరోపాలో నాలుగైదు వందల ఏళ్లపాటు చిత్రకారులు కష్టపడి కూర్చుకున్న ఉపాయాలు.

1888లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ పద్నాలుగు పురాణ చిత్రాలు రాయమని అడిగాడు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. దమయంతి ఏం కట్టుకోవాలి? సీత పైట ఎటు వేసుకోవాలి? దేశమంతటా అందరికీ తమదే అనిపించే కట్టు ఏది? అది వెతకడానికి రవివర్మ, తమ్ముడు రాజరాజవర్మతో కలిసి ఉత్తరాది దాకా తిరిగి వచ్చాడు. అటువంటి ఉమ్మడి కట్టు ఎక్కడా దొరకలేదు. చివరికి చీరనే ఎంచుకున్నాడు. ఎదుట బతికున్న స్త్రీలను కూర్చోబెట్టుకున్నాడు, ఫోటోలు చూశాడు, ఐరోపా బొమ్మల పుస్తకాలు తిరగేశాడు. చీర మడతలు నిజం, చేతి కండ నిజం, గాజు మీది మెరుపు నిజం. ఇన్ని చిన్న నిజాల మధ్య సీత ఇలాగే ఉండేదన్న ఒక పెద్ద కల్పన ఎవరికీ అనుమానం రాకుండా ఇంట్లోకి వచ్చేసింది.

1894లో బొంబాయిలో రవివర్మ అచ్చు కార్ఖానా మొదలైంది. తరువాత అది లోనావలా దగ్గరి మళవలికి మారింది. పుణె నుంచి బొంబాయికి రైల్లో వెళ్లే మనవాళ్లకు ఆ స్టేషను తెలిసే ఉంటుంది, కార్లే గుహలకు దిగేది అక్కడే. జర్మనీ పనివాళ్లు, సున్నపురాతి పలకలు, ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఒకే కాగితం అన్ని రాళ్ల మీదా వరసగా వెంట్రుకవాసి జరగకుండా పడితేనే లక్ష్మి పెదవి ఎరుపు పెదవి మీద నిలిచేది. కార్ఖానా కొన్నేళ్లకే ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మను చేతికి పోయింది. పటాలు మాత్రం ఆగలేదు. పూజగదుల్లో, దుకాణాల్లో, క్యాలెండర్లలో దేవుళ్లకు ఒకే ముఖం వచ్చింది.

మనకు అంతకు ముందు చూపు లేదా? కోలారు నుంచి లేపాక్షి ఎంతో దూరం కాదు. పదహారో శతాబ్దపు విజయనగర కాలం నాటి వీరభద్రాలయంలో పైకప్పు నిండా బొమ్మలు. నీడ అన్నది లేదు, కళ్లు మాత్రం పెద్దవి. చీరల మీది అంచుల రకాలు చూస్తే సొలాపురం నేతగాళ్లు కూడా మెచ్చుకుంటారు. అంచు గీసినవాడికి లోకం కనబడలేదనలేం. విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం చిత్రాలను నాలుగు రకాలు చేసి, లోకంలో ఉన్నదానిని పోలినదానికి "సత్యం" అని పేరు పెట్టింది. వైణికం, నాగరం, మిశ్రం మిగతావి. అంటే ఉన్నదాన్ని పోలి ఉండటం నాలుగు దారుల్లో ఒకటి. దాన్ని ఏకైక దారి చేసుకున్నది మేము, అంటే బీకాం చదివిన నావంటివాళ్లం.

రవివర్మను ఆనంద కుమారస్వామి, సిస్టర్ నివేదిత తీవ్రంగా తప్పుబట్టారు. దేవతలను నాటకంలో పాత్రలను చేశాడని కుమారస్వామి బాధ. ఆ వాదంలో బలముంది. కాని ఆ పటాలను జనం ఏ కళ్లతో చూశారన్నది వాళ్ల వాదంలో పెద్దగా కనబడదు.

మా లక్ష్మి సంగతి చెప్పాలి. ఆ పటం ఇంటికి వచ్చిన కొత్తలోనే అవ్వ వెనక మేకులు ఊడదీసి, అద్దం తప్పించి, లక్ష్మి చీర మీద ఆకుపచ్చ పట్టుగుడ్డ కత్తిరించి కుట్టిందట. అంచుకు జరీ, మెడకు పూసలు, కిరీటానికి చమ్కీలు. ఇది మా ఇంటి వింత కాదు. ఇలా గుడ్డా చమ్కీలూ కుట్టిన రవివర్మ అచ్చులు దక్షిణాదిలో ఎన్నో ఉన్నాయి, ఇప్పుడు సేకర్తలు వాటిని వెతికి కొంటున్నారు. ఆలోచించి చూడండి. రవివర్మ ఏ మడతలకూ ఏ నీడలకూ అంత శ్రమపడ్డాడో, సరిగ్గా వాటినే ఈ ఆడవాళ్లు గుడ్డతో కప్పేశారు. గుళ్లో మూలవిరాట్టుకు చీర కట్టినట్టే కాగితానికీ కట్టారు. అది కాగితమని వాళ్లకు తెలుసు. కాగితాన్ని చూసి మనిషి అనుకున్నది నేను.

దాదాసాహెబ్ ఫాల్కే 1917లో తీసిన "లంకాదహన్" సినిమాలో తెర మీద రాముడు కనబడగానే జనం చెప్పులు విడిచేవారని సినిమా చరిత్రలో ఒక మాట ఉంది. పామరుల అమాయకత్వానికి ఉదాహరణగా దీన్ని చెబుతుంటారు. అందులో రాముడూ సీతా ఇద్దరూ సాళుంకే అనే ఒకే నటుడు. గుళ్లో రాయి ముందు చెప్పులు విడిచేవాడు ఆ రాయిని చూసి మోసపోయాడని మనం అనం కదా!

సాహిత్యంలోనూ నాదిదే పొరపాటు. గురజాడ "కన్యాశుల్కం" చదువుతుంటే పక్కింటి అరుగు మీది మాటలు విన్నట్టుంటుంది. ఆ నాటకం 1897లో అచ్చయి, 1909 కూర్పుకు దాదాపు కొత్త పుస్తకమంతగా మారింది. అంత "సహజం" రావడానికి పన్నెండేళ్లు! అయినా నేను చాలాకాలం కథల్లో కృష్ణా గుంటూరు పలుకుంటే సహజమనీ, మన పక్క యాస ఉంటే రచయిత కావాలని చేశాడనీ అనుకున్నాను. "వచ్చినాడు, పోతా వుండా" అని నా ఇంట్లో మాట్లాడిన అవ్వ, అచ్చులో కనబడితే నాకు కృత్రిమంగా తోచింది. పట్టాభిషేకాన్ని అమ్మిన చెయ్యే ఇదీ చేసింది. మన పత్రికలకు కథలు రాసే కుర్రవాళ్లు కూడా ఇంట్లో ఒకటి మాట్లాడి కాగితం మీద మరొకటి రాస్తుండటం చూస్తున్నాను. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

మా వృత్తిలో ఈ గుట్టు ముందే తెలిసినట్టుంది. 1913 నాటి కంపెనీల చట్టం ప్రకారం ఆస్తి అప్పుల పట్టీ "ట్రూ అండ్ కరెక్ట్" అని ఆడిటరు సంతకం చెయ్యాలి. 1956 చట్టంలో అది "ట్రూ అండ్ ఫేర్" అయింది. ఉన్నదున్నట్టు అని ప్రమాణం చెయ్యడం కష్టమని లెక్కలవాళ్లే వెనక్కి తగ్గారు.

అవ్వ పోయాక లక్ష్మి పటం బెంగుళూరులో మా ఇంటికి వచ్చింది. పోయినేడు చట్రం పురుగు తిన్నదని విప్పిస్తే, దారాలు చివికి పట్టుగుడ్డ సగం ఊడి చేతికొచ్చింది. ముఖమూ చేతులూ వెలిసి పసుపురంగుకు తిరిగాయి. గుడ్డ కింద ఉన్న చీర మాత్రం నిన్న అచ్చు వేసినట్టు ఎర్రగా, ప్రతి మడతా నీడతో సహా అలాగే ఉంది. చట్రాలవాడు ఆ ఎరుపు చూసి, గుడ్డ తీసేస్తే పటానికి మంచి ధర వస్తుందన్నాడు. మా ఆవిడ అదేమీ వినిపించుకోకుండా సూదిలోకి ఆకుపచ్చ దారం ఎక్కించింది.