తికమకపడ్డ గుమాస్తా

నా పాత వ్యాసాలన్నింటినీ ఒక సర్వరులోకి ఎక్కించే పనిని మొన్న ఒక కృత్రిమ మేధ ఏజెంటుకు అప్పగించాను. చెప్పిన పని చక్కగానే చేసింది. వ్యాసాలతో పాటు, అదే ఫోల్డరులో నేను మరచిపోయిన సంకేతపదాల ఫైలును కూడా ఎక్కించింది! గంట తరువాత చూసుకొని, అన్నింటినీ మార్చుకొని, చల్లారిన కాఫీ తాగుతుండగా నార్మ్ హార్డీ గుర్తుకొచ్చాడు.

1970లలో అమెరికాలో టైమ్‌షేర్ అనే సంస్థ ఉండేది. పెద్ద కంప్యూటరును పలువురికి పంచి, వాడుకున్న మేరకు రుసుము వసూలు చేసేది. అక్కడి ఫోర్ట్రాన్ కంపైలరు తన వాడకపు గణాంకాలను సిస్‌ఎక్స్ అనే డైరెక్టరీలో రాసుకొనేది. ఆ డైరెక్టరీలో రాసే అధికారం కంపైలరుకు ఉంది, మామూలు వాడుకరులకు లేదు. అయితే, దోషాలు వెదకడానికి పనికివచ్చే సమాచారాన్ని ఏ ఫైలులో రాయాలో వాడుకరి పేరు చెప్పవచ్చు. ఒకరు అక్కడే ఉన్న బిల్లుల ఫైలు పేరు చెప్పారు. కంపైలరు ఏ అభ్యంతరమూ లేకుండా దాని మీద రాసేసింది. బిల్లుల లెక్కలు పోయాయి.

దోషం ఎవరిది? కంప్యూటరు అధికారాన్ని సరిగానే తనిఖీ చేసింది; కంపైలరుకు అనుమతి ఉన్నమాట నిజమే. కానీ ఆ గుమాస్తాకు యజమానులు ఇద్దరు. అధికారం ఒకరిచ్చినది, ఆజ్ఞ మరొకరిది. ఏ పని ఎవరి అధికారంతో చేస్తున్నదీ దానికి తెలియదు. హార్డీ 1988లో ఈ ఉదంతాన్ని వ్యాసంగా రాసి, ‘తికమకపడ్డ గుమాస్తా’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆయన సూచించిన మందు 1966లో డెనిస్, వాన్ హార్న్ ప్రతిపాదించినదే: వాడుకరి ఫైలు పేరు చెప్పడం కాదు, ఆ ఫైలు తాళంచెవినే ఇవ్వాలి. తన దగ్గర లేని తాళంచెవిని ఎవరూ ఇవ్వలేరు కదా!

నేటి ఏజెంటు ఆ కంపైలరు కంటే అమాయకురాలు. యజమాని ఆజ్ఞనూ, చదవమని ఇచ్చిన కాగితంలోని వాక్యాన్నీ అది ఒకే ప్రవాహంగా చదువుతుంది. కాగితంలో ఎవరో దాచిన ఆజ్ఞకు లోబడిపోవచ్చు. ఈ దాడికి 2022లో ‘ప్రాంప్ట్ ఇంజెక్షన్’ అని పేరు పెట్టిన సైమన్ విలిసన్, 2025లో మరో మాట చెప్పాడు: రహస్య సమాచారం, నమ్మరాని పాఠ్యం, బయటకు పంపే దారి, ఈ మూడూ ఒక్కచోట చేరకూడదని.

అదే ఏడాది అక్టోబరులో యోహాన్ రేబర్గర్ చూపిన ఉదాహరణ చదివి నేను నివ్వెరపోయాను. ఆంత్రోపిక్ వారి క్లాడ్‌కు అప్పట్లో కొన్ని చిరునామాలకు మాత్రమే వెళ్ళే అనుమతి ఉండేది. వాటిలో ఆ సంస్థ సొంత సర్వరు ఒకటి. దాచిన ఆజ్ఞలో దాడిచేసేవాడు తన తాళంచెవిని పెడితే, వాడుకరి ఫైళ్ళు ఆ సర్వరులోనే ఉన్న వాడి ఖాతాలోకి చేరేవి. చిరునామా అనుమతించినదే. ఖాతా ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు. సిస్‌ఎక్స్ కథే మళ్ళీ!

ఇప్పుడు నా ఏజెంటుకు వ్యాసాలు తప్ప మరేమీ లేని ఫోల్డరు ఇస్తున్నాను. దాని తాళంచెవి ఒక్కచోట రాయడానికే పనికివస్తుంది. చదవలేదు, చెరపలేదు, గంటలో చెల్లకుండా పోతుంది. ఎక్కించే ముందు నన్ను అడగమని కూడా చెప్పాను కానీ, దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పదోసారి అడిగేసరికి నేను చదవకుండానే ‘సరే’ నొక్కుతున్నాను.