చలిలో, చెమ్మలో ఇంటి బయటి గోడలకు రంగులు

చల్లని, తేమతో కూడిన వాతావరణంలో బయటి గోడలకు రంగు వేయడానికి ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. కోస్తా ఆంధ్రలో ఇది ఏటా ఎదురయ్యే పనే. సంక్రాంతికి ముందు ఇళ్లకు సున్నాలు, రంగులు వేయించడం ఆనవాయితీ. మంచు దట్టంగా కురిసే రోజులూ అవే.

ఇప్పుడు ఎక్కువగా వాడే యాక్రిలిక్ ఎమల్షన్‌లో సన్నని పాలిమర్ రేణువులు నీటిలో తేలుతుంటాయి. నీరు ఆవిరయ్యే కొద్దీ అవి దగ్గరికి చేరి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి పొరగా మారతాయి. గోడ మరీ చల్లగా ఉంటే ఆ కలయిక సరిగా జరగదు. పైకి ఆరినట్టే కనిపించినా, కొన్నాళ్లకు పొర పగులుతుంది, పొడిగా రాలుతుంది. అందుకే చాలా ఎమల్షన్లకు కనీసం 10 డిగ్రీల సెల్సియస్ ఉండాలంటారు. చలి ప్రాంతాల కోసం 2 డిగ్రీల దాకా పనిచేసే రకాలూ ఉన్నాయి.

కోస్తాలో చిక్కంతా తేమతోనే. గాలి 20 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు, 16 డిగ్రీలకు చల్లబడిన గోడ మీద నీరు పడుతుంది. మబ్బులేని రాత్రి గోడ గాలి కంటే త్వరగా చల్లబడుతుంది. సాయంత్రం వేసిన కోటు ఆరకముందే మంచు పడితే, రంగులోని సబ్బులాంటి పదార్థాలు పైకి తేలి జిగటగా, గోధుమరంగు చారలుగా కారతాయి. ముదురు రంగుల మీద అవి కొట్టొచ్చినట్టు కనబడతాయి. మంచినీటితో కడిగితే చాలావరకు పోతాయి.

పని ఎండను బట్టి సాగాలి. తూర్పు గోడ మీది మంచు ఆరాకే బ్రష్ పట్టాలి. పొద్దుగూకడానికి రెండు మూడు గంటల ముందే ఆపాలి. పుష్యమాసంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి ఉత్తరపు గోడకు ఎండ తగలదు. పాచి పట్టేదీ అక్కడే. దాన్ని గీకి, కడిగి, బాగా ఆరనిచ్చి, మధ్యాహ్నం వేళ రంగు వేయాలి.

సున్నం తీరు వేరు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆ చర్యకు కొంత తడి కావాలి. అందుకే వెల్ల వేసేముందు గోడను తడుపుతారు. అయితే తడి సున్నం చలికి గడ్డకడితే పొర పాడవుతుంది. చలి ఎక్కువగా ఉండే లంబసింగి వంటి చోట్ల డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చలి, చెమ్మల చిక్కు వేరే దేశాల్లోనూ ఉంది. అమెరికాలోని సియాటిల్‌లో చాలా ఇళ్లకు బయట చెక్క పలకలే ఉంటాయి. శరత్తు నుంచి వసంతం దాకా అక్కడ తరచూ వాన పడుతుంది. చెక్కలో తేమ 15 శాతానికి మించితే రంగు బుడగలు లేచి ఊడే ప్రమాదముంది. అందుకే బయటి రంగుల పని ఎక్కువగా జులై నుంచి సెప్టెంబరు లోపు ముగించుకుంటారు.