పాయింట్ల మీద గెలిచినవాడు

ఫిల్మ్‌నగర్‌లో బాక్సింగ్ కథ రాసుకుంటే క్లైమాక్స్ ఎలా ఉంటుందో మనకి ముందే తెలుసు. హీరో దెబ్బలు తింటాడు, పడిపోతాడు, ఎవరిదో మొహం గుర్తొస్తుంది, లేస్తాడు. అంతే, థియేటర్లో విజిల్స్. కిక్‌బాక్సింగ్ ‘తమ్ముడు’ (1999) నుంచి బాక్సింగ్ ‘గని’ (2022) దాకా మనం డబ్బులు పెట్టి కొన్నది ఆ లేవడాన్నే. జడ్జీలు స్కోరుకార్డు చదివేదాకా ఊపిరి బిగబట్టే క్లైమాక్స్ ఇక్కడ అమ్ముడుపోదు.

2003 ఏప్రిల్‌లో ‘అమ్మా నాన్న ఓ తమిళ అమ్మాయి’ వచ్చింది. దాదాపు నెల ముందు బెర్లిన్‌లో స్వెన్ ఒట్కె అనే జర్మన్, బైరన్ మిచెల్ మీద స్ప్లిట్ డెసిషన్‌తో గెలిచి, ఐబీఎఫ్ బెల్టుకి డబ్ల్యూబీఏ బెల్టు కూడా కలుపుకున్నాడు. సూపర్ మిడిల్‌వెయిట్‌లో 34 పోరాటాలు, ఓటమి లేదు, టైటిల్‌ని 21 సార్లు నిలబెట్టుకున్నాడు. నాకౌట్లు మాత్రం ఆరే. టైటిల్ పోరాటాలన్నీ జర్మనీలోనే. బాక్సింగ్ అభిమానుల్లో అతని పేరెత్తితే మొదట వినపడేది ‘సొంతూరి తీర్పులు’ అన్న మాట. గొప్ప డిఫెన్స్ గురించి ఎవరైనా మాట్లాడితే అది ఆ తర్వాతే.

ఈ రెండు విషయాల్నీ విడదీసి చూడాలని నా వాదన.

1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో రాయ్ జోన్స్, కొరియా బాక్సర్ పార్క్ సీ హన్‌ని చితక్కొట్టాడు. జడ్జీలు 3-2తో పార్క్‌కి స్వర్ణం ఇచ్చారు. ఆ ఒలింపిక్స్‌లో ఉత్తమ బాక్సర్ ట్రోఫీ మాత్రం ఓడిపోయిన జోన్స్‌కే ఇచ్చారు, ఇంతకన్నా ఒప్పుకోలు ఏం కావాలి! ఇలాంటివి మళ్ళీ జరక్కూడదని 1992 బార్సిలోనా నుంచి కంప్యూటర్ స్కోరింగ్ పెట్టారు. ఐదుగురు జడ్జీల్లో కనీసం ముగ్గురు ఒక సెకను లోపల బటన్ నొక్కితేనే పాయింటు వచ్చేది. గుద్దు ఎంత గట్టిదన్నది లెక్కలోకి వచ్చేది కాదు. తాకిందా లేదా, అంతే.

1988, 92, 96 మూడు ఒలింపిక్స్‌లోనూ ఒట్కె ఆడాడు, పతకం రాలేదు. కానీ అతని శైలిని చూడండి: ఒక జాబ్, పక్కకి అడుగు, దొరక్కపోవడం. ఆ బటన్ కోసం మలిచినట్టే ఉంటుంది. మెట్రిక్ మారితే కోడ్ మారుతుందని మా వృత్తిలో రోజూ చూస్తాం. 1997లో, ముప్ఫై ఏళ్ళు నిండబోతుండగా, అతను ప్రొఫెషనల్ అయ్యాడు. ఆట మారలేదు, చూసే కళ్ళు మారాయి. అక్కడ జనానికి రక్తం కావాలి.

డిఫెన్స్‌తో చిక్కేంటంటే అది కనపడదు. నేను ఆన్-కాల్ ఉన్న వారంలో రాత్రిళ్ళు ఫోన్ మోగకపోతే మర్నాడు మీటింగులో ఎవరూ మెచ్చుకోరు. సర్వర్ పడిపోయాక తెల్లారేదాకా కూర్చుని లేపినవాడు హీరో. తగలని గుద్దుని రీప్లేలో చూపించడం కూడా కష్టమే.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర కాఫీ తాగుతూ, స్పోర్ట్స్ కథ రాసుకుంటున్న ఒక స్నేహితుడికి ఇదంతా చెప్పాను. ‘అంటే వీడు విలన్ కదా బ్రో’ అన్నాడు. అంత తేలిగ్గా తేలదు. 1999లో ఒట్కె గ్లెన్ జాన్సన్‌ని ఓడించాడు. అదే జాన్సన్ 2004లో రాయ్ జోన్స్‌ని నాకౌట్ చేశాడు. 2001లో ఆంథనీ ముండైన్‌ని ఒట్కె పదో రౌండులో పడుకోబెట్టాడు. ఇవి రిఫరీ దయతో వచ్చే గెలుపులు కావు. చార్లెస్ బ్రూవర్‌తో రెండుసార్లూ స్ప్లిట్ డెసిషనే, అలాంటి దగ్గరి పోరులో జనం అరుపులకి కొన్ని రౌండ్లు ఇటు ఒరిగి ఉంటాయని నా అనుమానం. అనుమానం వేరు, దోపిడీ వేరు.

దోపిడీ అని నేను కూడా అనేది ఒకటుంది. 2003 డిసెంబర్ 13, న్యూరెంబర్గ్, ప్రత్యర్థి ఇంగ్లండ్‌కి చెందిన రాబిన్ రీడ్. ఆరో రౌండులో రీడ్ అతన్ని కింద పడేస్తే రిఫరీ రోజర్ టిల్‌మన్ అది నాక్‌డౌన్ కాదన్నాడు. పోరాటం పొడుగునా హెచ్చరికలు రీడ్‌కే. అక్కడ ఒట్కె డిఫెన్స్‌కి పని లేదు, ఆ పని రిఫరీ చేశాడు.

స్కోరుకార్డు బాక్సర్ రాసుకోడు, నిజమే. కానీ ఎక్కడ ఆడాలన్నది ప్రమోటర్‌తో పాటు చాంపియన్ కూడా తేల్చుకునే విషయం. అదే బరువులో డబ్ల్యూబీఓ చాంపియన్ జో కాల్జాగీ. అతని మీదా ఇంట్లోనే కూర్చుంటాడన్న విమర్శ ఉండేది. చివర్లో, 2008లో, లాస్ వేగస్ వెళ్ళి బెర్నార్డ్ హాప్‌కిన్స్ మీద స్ప్లిట్ డెసిషన్‌తో గెలిచొచ్చాడు. ఒట్కె, కాల్జాగీ ఎప్పుడూ తలపడలేదు. 2004 మార్చిలో మాగ్డెబర్గ్‌లో చివరి పోరాటం గెలిచి ఒట్కె గ్లవ్స్ విప్పేశాడు.

రీడ్ రికార్డులో న్యూరెంబర్గ్ రాత్రి ఇప్పటికీ ఓటమిగానే ఉంది.